చార్మినార్ ఏడాది 1591ని కాగితం మీద విప్పడం ఎలా?

పోయిన దసరా సెలవుల్లో మా మేనకోడల్ని తీసుకుని పాతబస్తీ వెళ్లాను. తొమ్మిదో తరగతి చదువుతోంది. లాడ్ బజార్‌లో గాజులు కొన్నాక, చార్మినార్ కనిపించేలా ఒక ఇరానీ హోటల్లో కూర్చున్నాం. దీన్ని ముహమ్మద్ కులీ కుతుబ్ షా 1591లో కట్టించాడని చెప్పడం మొదలుపెట్టాను. ఆ పిల్ల సుల్తాన్‌ని వదిలేసి అంకెల్ని పట్టుకుంది.

"మామా, 1591 ప్రైమ్ నంబరా?"

గాజుల బిల్లు తిరగేసి పెన్ను తీశాను. 2తో పోదు, 3తో పోదు, 7తో పోదు... అలా 31 దాకా వచ్చేసరికి చాయ్ వచ్చింది. "ప్రైమే" అని తీర్పు చెప్పి ఉస్మానియా బిస్కెట్ ముంచాను. బిస్కెట్ సగం విరిగి కప్పులో పడింది. దాన్ని చెంచాతో తీసుకుంటూ ఉంటే పక్కనుంచి మాట వినబడింది: "నలభై నలభైలు పదహారు వందలు కదా మామా. అందులోంచి తొమ్మిది తీసేస్తే 1591. అంటే నలభై స్క్వేర్ మైనస్ మూడు స్క్వేర్. ముప్పై ఏడు ఇంటూ నలభై మూడు."

నేను ఒక్క ప్రైమ్ ముందు ఆగిపోయాను. 31 తర్వాత వచ్చేది 37. అదే 1591కి కారణాంకం.

ఆ రోజు పోయిన పరువు కోసం ఇంటికొచ్చి ఈ సంఖ్య వెనక పడ్డాను. ఒక సంఖ్యని చేతిలోకి తీసుకుని దాని లోపల ఏముందో మొత్తం ఎలా చూడాలో, నేను చేసిన వరుసలోనే చెబుతాను. మీకు కావాల్సింది నాలుగు తెల్ల కాగితాలు, ఒక గ్రాఫ్ పేపర్, పెన్ను. క్యాలిక్యులేటర్ పక్కన పెట్టండి. అది జవాబు చెబుతుంది కానీ దారి చూపించదు.

చివర సున్నా తెప్పించండి

మొదట చిన్న ప్రైమ్‌లు. చివరి అంకె 1 కాబట్టి 2, 5 పోవు. అంకెల మొత్తం 1+5+9+1 = 16, కాబట్టి 3 పోదు. ఇక్కడిదాకా అందరికీ తెలిసిందే. 7 నుంచి అసలు పని మొదలవుతుంది. ఒక్కోదానికి ఒక్కో సూత్రం బట్టీ పట్టనక్కర్లేదు, అన్నిటికీ పనికొచ్చే చిట్కా ఒకటుంది.

మీరు పరీక్షిస్తున్న ప్రైమ్ గుణిజాల్లో ఏదో ఒకదాన్ని 1591కి కలపండి, లేదా అందులోంచి తీసేయండి. ఎలాగైనా చివర సున్నా రావాలి. వచ్చాక సున్నా కొట్టేసి మిగిలిన చిన్న సంఖ్యని చూడండి. అది ఆ ప్రైమ్‌తో పోతే 1591 కూడా పోతుంది, లేకపోతే లేదు. 10లో 2, 5 తప్ప వేరే ప్రైమ్ లేదు కాబట్టి సున్నా కొట్టేస్తే నష్టమేమీ లేదు.

13తో చేసి చూడండి. మూడు పదమూళ్లు 39. 1591 + 39 = 1630. సున్నా తీస్తే 163. పన్నెండు పదమూళ్లు 156, ఇంకోటి కలిపితే 169. మధ్యలో పడింది, పోదు. 17కి 51 తీసేయండి: 1540, అంటే 154. తొమ్మిది పదిహేడులు 153. ఒక్కటి ఎక్కువ. 19కి 19 కలిపితే 1610, అంటే 161, పోదు. 23కి 69 కలిపితే 166 మిగులుతుంది, అదీ పోదు. 29కి 29 కలిపితే 162, పోదు. 31కి 31 తీసేస్తే 156. ఐదు ముప్పై ఒకట్లు 155, మళ్లీ ఒక్కటి ఎక్కువ. మధ్యలో వదిలేసిన 7, 11 మీరే చేసుకోండి.

నేను చాయ్ తాగడానికి ఆగింది సరిగ్గా ఇక్కడే. మీరు ఆగకండి. 37కి మూడు ముప్పై ఏడులు 111. 1591 − 111 = 1480. సున్నా తీస్తే 148. నాలుగు ముప్పై ఏడులు 148. పోయింది! ఇంకో భాగహారం కూడా అవసరం లేదు: 1480లో నలభై, 111లో మూడు, మొత్తం నలభై మూడు ముప్పై ఏడులు. 1591 = 37 × 43.

ఎక్కడిదాకా వెళ్లాలో ముందే రాసుకోండి

నా తప్పు లెక్కలో లేదు. ఎక్కడ ఆగాలో ముందు రాసుకోకపోవడంలో ఉంది. కారణాంకాలు జంటలుగా వస్తాయి. జంటలో రెండూ వర్గమూలం కంటే పెద్దవైతే లబ్ధం మన సంఖ్యని దాటిపోతుంది, కాబట్టి చిన్నది ఎప్పుడూ వర్గమూలానికి లోపలే ఉంటుంది. 1591 వర్గమూలం 40కి కాస్త తక్కువ. కాబట్టి కాగితం పైన ముందుగా 40 లోపు ప్రైమ్‌లన్నీ వరసగా రాయండి: 2, 3, 5, 7, 11, 13, 17, 19, 23, 29, 31, 37. మొత్తం పన్నెండు. అయినవాటిని కొట్టేస్తూ పోండి. 1591 పన్నెండోదానికి గానీ లొంగదు. ప్రైమ్‌లా నటించడంలో ఇంతకంటే గట్టి సంఖ్య ఆ చుట్టుపక్కల దొరకడం కష్టం.

37 గురించి ఒక్క మాట. 999 = 27 × 37. కాబట్టి ఏ సంఖ్యనైనా కుడివైపు నుంచి మూడేసి అంకెలుగా విడగొట్టి కలిపితే, 37తో పోతుందో లేదో తేలిపోతుంది. 1591లో 1 + 591 = 592. అందులోంచి 555 తీసేయండి (111, 222, 333 లాంటివన్నీ 37 గుణిజాలే), 37 మిగులుతుంది. 43కి కూడా ఒకటుంది: 301 = 7 × 43 కాబట్టి చివరి అంకెని ముప్పైతో గుణించి మిగతా దాంట్లోంచి తీసేయండి. 159 − 30 = 129, మూడు నలభై మూళ్లు. అంత గొప్ప సూత్రమేం కాదు, అవసరమైనప్పుడు మాత్రం ఆదుకుంటుంది.

దగ్గరలోని వర్గం చూడండి

మా మేనకోడలు చేసింది ఇది. నా లెక్కలో ఏ సంఖ్యతోనైనా మొట్టమొదట చేయాల్సిన పని ఇదే. భాగహారానికి ముందు ఒక అర నిమిషం దీనికివ్వండి.

సంఖ్య కంటే పెద్దదైన మొదటి వర్గం తీసుకోండి. ఇక్కడ 40² = 1600. అందులోంచి సంఖ్యని తీసేయండి. 9 మిగిలింది, అదీ వర్గమే, 3². ఇక స్కూల్లో నేర్చుకున్న (a+b)(a−b) చాలు: (40+3)(40−3). మొదటి ప్రయత్నంలోనే పని అయిపోయింది. పన్నెండు భాగహారాల పక్కన ఒక్క తీసివేత.

నమ్మకం కుదరకపోతే గ్రాఫ్ పేపర్ తీయండి. 40 గళ్ల పొడవు, 40 గళ్ల వెడల్పు ఉన్న చతురస్రం గీసి, కుడివైపు పై మూలలో 3 × 3 ముక్క కత్తిరించేయండి. మిగిలినవి సరిగ్గా 1591 గళ్లు. ఇప్పుడు ఆ కత్తిరించిన చోటు కింద కుడివైపు అంచున మూడు గళ్ల వెడల్పు, 37 గళ్ల పొడవు ఉన్న పట్టీ ఒకటి వేలాడుతూ ఉంటుంది. దాన్ని కత్తిరించి, అడ్డంగా తిప్పి, మిగిలిన ముక్క నెత్తిన పెట్టండి. అతికినట్టు కూర్చుంటుంది. 37 వెడల్పు, 43 ఎత్తు ఉన్న దీర్ఘచతురస్రం. మా ఇంట్లో ఆ ముక్క ఇంకా ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉంది.

మొదటిసారే వర్గం రాకపోతే 41², 42² అలా పైకి వెళ్తూ ఉండండి. ప్రతిసారీ మిగిలినదాని చివరి అంకె చూడండి. అది 2, 3, 7, 8 అయితే వర్గం కాదు, ఇక చూడనక్కర్లేదు.

ఈ పద్ధతిని సాధారణంగా ఫ్రెంచ్ గణితజ్ఞుడు ఫెర్మా పేరుతో చెబుతారు. ఆయన 1643లో రాసిన ఒక ఉత్తరంలో 2027651281ని ఇలాగే విడగొట్టాడు: 44021 × 46061. పైన ఉన్న వర్గం నుంచి మొదలుపెడితే పన్నెండో ప్రయత్నంలో అది తేలుతుంది. కానీ అంతకు దాదాపు మూడు వందల ఏళ్ల ముందే, 1356లో, నారాయణ పండితుడు తన 'గణిత కౌముది'లో ఇదే దారి చూపించాడు. మన పాఠాల్లో ఆ పేరు ఎందుకు వినబడదో నాకు అర్థం కాదు.

అయితే ఇది సర్వరోగ నివారిణి కాదు. 1687 తీసుకోండి, ఔరంగజేబు చేతిలో గోల్కొండ పడిపోయిన ఏడాది. 42² = 1764, మిగిలింది 77, వర్గం కాదు. 43²లోంచి తీసేస్తే 162, కాదు. అలా పోతూ ఉంటే 124² దగ్గరికి వచ్చాక గానీ దొరకదు: 15376 − 1687 = 13689 = 117². ఎనభై మూడు ప్రయత్నాలు! అదే చివర సున్నా పద్ధతిలో 7 తీసేస్తే 1680, అంటే 168, అంటే ఇరవై నాలుగు ఏడులు. 1687 = 7 × 241, నాలుగో ప్రైమ్‌కే తేలిపోయింది. కారణాంకాలు రెండూ దగ్గర దగ్గరగా ఉంటే వర్గం పద్ధతి, దూరంగా ఉంటే భాగహారం. ఏవి ఎలా ఉన్నాయో ముందే తెలీదు కాబట్టి నేను రెండూ కలిపి చేస్తాను: పైకి నాలుగైదు వర్గాలు, తర్వాత ప్రైమ్‌ల జాబితా.

మీ వంతు 1763. ఒక్క తీసివేతకే లొంగుతుంది.

భాజకాలు రాసి కలపండి

1591ని నిశ్శేషంగా భాగించేవి నాలుగే: 1, 37, 43, 1591. చివరిది వదిలేసి మిగతా మూడూ కలపండి. 1 + 37 + 43 = 81. ఇప్పుడు ఇదే పని 81తో చేయండి: 1 + 3 + 9 + 27 = 40. 40తో: 1 + 2 + 4 + 5 + 8 + 10 + 20 = 50. 50తో: 1 + 2 + 5 + 10 + 25 = 43. 43 ప్రైమ్ కాబట్టి తర్వాత 1, అక్కడితో సరి.

1591, 81, 40, 50, 43, 1.

వర్గం పద్ధతిలో వాడిన 40 దారిలో ఎదురొచ్చింది. తన కారణాంకమే అయిన 43 చివర్లో తలుపు తీసింది. దీని వెనక సిద్ధాంతమేమైనా ఉందా అంటే లేదు, కాకతాళీయం. అయినా రాత్రి పదకొండింటికి డైనింగ్ టేబుల్ దగ్గర అది కనబడినప్పుడు ఒక్కడినే నవ్వుకున్నాను.

అంకెలు కూడి చూసే అలవాటు మనవాళ్లకి ఎక్కువ. ఆర్టీఏ వేలంలో ఫ్యాన్సీ నంబర్ కోసం లక్షలు పోసేవాళ్లు ఉన్న ఊరు మనది. 1+5+9+1 = 16, 1+6 = 7, కాబట్టి ఇది ఏడు సంఖ్య అంటారు. ఆ 7 చెప్పేది ఒక్కటే: 1591ని 9తో భాగిస్తే శేషం 7. అంతకు మించి అందులో ఏమీ లేదు. అంకెలు తిరగేస్తే 1951 వస్తుంది, అది నిజంగానే ప్రైమ్ (44 దాకా పరీక్షించి చూడండి). బాగుంది కానీ, మనం పదులతో రాస్తున్నాం కాబట్టి వచ్చిన ముచ్చట అది. సంఖ్య స్వభావం కాదు.

వరస సంఖ్యల మొత్తంగా రాయండి

దీనికి రెండు నిమిషాలు చాలు. 37 × 43 అంటే 43 అనే సంఖ్య 37 సార్లు. ఆ 43ని మధ్యలో పెట్టి అటు 18, ఇటు 18 పరచండి: 25 నుంచి 61 దాకా కలిపితే 1591. ఇప్పుడు 37ని మధ్యలో పెట్టి అటు 21, ఇటు 21 పరచండి: 16 నుంచి 58 దాకా కలిపినా 1591. మూడోది 795 + 796. ఇంకో దారి లేదు. ఒకటిని వదిలేసి బేసి భాజకాలు ఎన్ని ఉంటే అన్ని దారులు, మనకి అవి మూడే.

బేసి సంఖ్యలతోనూ అవుతుంది. మొదటి 40 బేసి సంఖ్యల మొత్తం 40², మొదటి మూడింటి మొత్తం 3². కాబట్టి 1, 3, 5 వదిలేసి 7 నుంచి 79 దాకా బేసి సంఖ్యలు కలిపితే మన సంఖ్య వస్తుంది. ఇందాకటి గ్రాఫ్ పేపర్ బొమ్మే ఇది, వేరే వైపు నుంచి.

ఎన్ని వర్గాలు కావాలి?

1591ని వర్గాల మొత్తంగా రాయాలంటే కనీసం ఎన్ని కావాలి? వెతకడం మొదలుపెట్టకముందే శేషాలు చూడండి, చాలా శ్రమ తగ్గుతుంది.

ఏ వర్గాన్నైనా 4తో భాగిస్తే శేషం 0 లేదా 1. రెండు వర్గాలు కలిపితే 0, 1, 2 మాత్రమే రాగలవు. 1591ని 4తో భాగిస్తే 3. కాబట్టి రెండు వర్గాలతో కాదు.

మూడింటితో? ఇప్పుడు 8తో భాగించండి. వర్గానికి శేషం 0, 1, 4 ఈ మూడిట్లో ఒకటే. వీటిలోంచి మూడు ఎంచుకుని ఎలా కలిపినా 7 శేషం రాదు: 4+1+1 చేస్తే 6, 4+4+1 చేస్తే 9, అంటే మళ్లీ 1. కాగితం మీద అన్నీ రాసి చూడండి, మొత్తం పది కలయికలే. 1591ని 8తో భాగిస్తే శేషం సరిగ్గా 7. కాబట్టి మూడుతోనూ కాదు.

నాలుగు చాలు. ఏ సంఖ్యకైనా నాలుగు వర్గాలు చాలని లగ్రాంజ్ 1770లో నిరూపించాడు. వెతకడానికి పెద్ద వర్గంతో మొదలుపెట్టండి: 39² = 1521, మిగిలింది 70. అది 36 + 25 + 9. అంటే 1591 = 39² + 6² + 5² + 3². ఇంకో దారి: 37² + 14² + 5² + 1². క్రమం మార్చినా, రుణ సంఖ్యలు వాడినా వేరుగా లెక్కపెడితే ఎన్ని దారులున్నాయో చెప్పే సూత్రం జాకోబీ 1834లో ఇచ్చాడు. బేసి సంఖ్యకి అది భాజకాల మొత్తానికి ఎనిమిది రెట్లు. మన నాలుగు భాజకాల మొత్తం 1672, కాబట్టి 13376.

నాలుగు మినార్ల కట్టడం, కట్టిన ఏడాదికి నాలుగు వర్గాలు తప్పనిసరి! ఒక్క ఏడాది ఆలస్యమై ఉంటే మూడు సరిపోయేవి: 1592 = 38² + 12² + 2². కులీ కుతుబ్ షా ఈ లెక్క చూసుకుని కట్టించలేదని నాకూ తెలుసు. హిజ్రీ లెక్కలో అది 1000వ సంవత్సరం. ఆయన దృష్టిలో ఉన్న సంఖ్య అదే అయ్యుంటుంది. 1000 అయితే 10³, ఎవరికైనా ఇట్టే విప్పేసుకునే మంచి సంఖ్య. ఒకే కట్టడానికి ఒక క్యాలెండర్‌లో అంత సులువైన సంఖ్య, ఇంకో క్యాలెండర్‌లో ఇంత మొండిది.

ఒకటిని 1591తో భాగించండి

ఇది ఒక సాయంత్రం పని. టీవీ కట్టేసి కూర్చోండి. ముందు 1591 ఎక్కం ఒక పక్కన రాసుకోండి: 1591, 3182, 4773, 6364, 7955, 9546, 11137, 12728, 14319. ఇది రాసుకోకుండా దిగితే మధ్యలో టెన్షన్ పడతారు.

ఇక భాగహారం. 10లో పోదు, 100లో పోదు, 1000లో పోదు, కాబట్టి దశాంశ బిందువు తర్వాత మూడు సున్నాలు. 10000లో ఆరు సార్లు, 9546 పోగా శేషం 454. దానికి సున్నా చేర్చితే 4540, రెండు సార్లు, శేషం 1358. 13580లో ఎనిమిది సార్లు, శేషం 852. ఇలా దించుకుంటూ పోండి. శేషాల్ని పక్కన వరసగా రాస్తూ ఉండండి, పాత శేషం మళ్లీ కనబడితే అక్కడి నుంచి అంకెలు తిరగబెడతాయి. నడుస్తూ నడుస్తూ ఒకచోట శేషం 1432 వస్తుంది. సున్నా చేర్చితే 14320. ఎక్కంలో ఆఖరిది 14319. శేషం 1. ఎక్కడ బయల్దేరామో అక్కడికే వచ్చేశాం.

0.000628535512256442489, మళ్లీ 000628...

లెక్కపెట్టండి, 21 అంకెలు. సరిగ్గా చేశారో లేదో తెలుసుకోడానికి వాటి మొత్తం చూడండి: 81 రావాలి. 9 గుణిజం కాకపోతే ఎక్కడో తప్పు పోయిందని అర్థం. అది 81 కావడం, ఇందాక 1591 వదిలేసి కలిపిన భాజకాల మొత్తం కూడా 81 కావడం మళ్లీ కాకతాళీయమే. ఇంకో చిన్న సంగతి: ఈ 21 అంకెల్లో 7 ఎక్కడా లేదు. ఎక్కంలో మీరు రాసుకున్న 11137 ఒక్కసారి కూడా వాడరు.

21 అని ముందే చెప్పచ్చా? చెప్పచ్చు. 1ని 37తో భాగిస్తే 0.027027..., అవధి (మళ్లీ మళ్లీ వచ్చే ముక్క పొడవు) మూడు అంకెలు. 43తో భాగిస్తే 0.023255813953488372093, అవధి 21. 3, 21ల క.సా.గు. 21. రెండు ప్రైమ్‌ల లబ్ధానికి అవధి ఎప్పుడూ ఆ రెండు అవధుల క.సా.గు. (2, 5 కానివై, వేరు వేరువి అయితేనే). అంత పొడుగు భాగహారం చేయించాక ఇది చెప్పినందుకు మా మేనకోడలు రెండు రోజులు మాట్లాడలేదు.

తాళం వేయండి

రెండు ప్రైమ్‌లని గుణించడం తేలిక, విడగొట్టడం కష్టం. రివెస్ట్, షమీర్, ఆడిల్‌మన్ 1977లో దీన్నే తాళంగా మార్చారు, వాళ్ల పేర్లతోనే ఆర్ఎస్ఏ అంటారు. వెబ్‌సైట్లు వాడే ఇలాంటి తాళాల్లో ఆ లబ్ధం మామూలుగా 2048 బిట్లు, అంటే 617 అంకెల సంఖ్య. మన దగ్గర నాలుగంకెల బొమ్మ తాళం ఉంది, దాంతో కాగితం మీదే ఆడుకోవచ్చు.

37, 43 లోంచి ఒకటేసి తగ్గించండి: 36, 42. వాటి క.సా.గు. 252. అందరికీ చెప్పే తాళంగా 5 తీసుకుందాం. ఇప్పుడు 5తో గుణిస్తే 252 గుణిజం కంటే ఒకటి ఎక్కువ వచ్చే సంఖ్య వెతకండి. 5 × 101 = 505 = 2 × 252 + 1. ఆ 101 మీ రహస్య తాళంచెవి. కారణాంకాలు తెలిసినవాళ్లకే 252 తెలుస్తుంది, 252 తెలిస్తేనే 101 దొరుకుతుంది. (37, 43 ఇంత దగ్గరగా ఉండటం నిజమైన తాళానికి పనికిరాదు. కొన్ని ప్రింటర్లు తయారుచేసిన తాళాల్లో ప్రైమ్‌లు మరీ పక్కపక్కనే ఉండి, 2022లో ఫెర్మా పద్ధతితోనే విడిపోయాయి.)

రహస్యంగా పంపాల్సిన సంఖ్య 7 అనుకోండి. 7ని ఐదుసార్లు రాసి గుణిస్తే 16807. అందులోంచి పది 1591లు, 15910, తీసేస్తే 897. అవతలివాళ్లకి 897 పంపండి.

విప్పాలంటే 897ని 101 సార్లు రాసి గుణించి 1591తో భాగించినప్పుడు వచ్చే శేషం కావాలి. అలా చేయకండి, రెండు ముక్కలు చేసుకోండి. మొదట 37 వైపు: 897ని 37తో భాగిస్తే శేషం 9. ఘాతం 101ని 36తో భాగిస్తే 29 (ఇలా తగ్గించుకోనిచ్చేది ఫెర్మా చిన్న సిద్ధాంతం). 9 × 9 = 81, శేషం 7. మళ్లీ 9తో గుణిస్తే 63, శేషం 26. అలా పోతే తొమ్మిదో ఘాతానికి శేషం 1 వస్తుంది. కాబట్టి 29లోంచి 27 కొట్టేస్తే మిగిలింది రెండో ఘాతం, అంటే 7.

ఇప్పుడు 43 వైపు. 897ని 43తో భాగిస్తే శేషం 37, అంటే −6 అనుకోవచ్చు. 101ని 42తో భాగిస్తే 17. 6 × 6 × 6 = 216, అది 215 కంటే ఒకటి ఎక్కువ, 215 అంటే ఐదు నలభై మూళ్లు. కాబట్టి మూడో ఘాతానికే శేషం 1. 17లోంచి 15 కొట్టేస్తే రెండో ఘాతం, 36. ఘాతం బేసి కాబట్టి గుర్తు మిగులుతుంది: −36, దానికి 43 కలిపితే 7.

రెండు వైపులా 7 వచ్చింది, కాబట్టి పంపిన సంఖ్య 7. రెండు వైపులా వేరు వేరు శేషాలు వస్తే, ఆ రెండూ ఉన్న సంఖ్యని 1591 లోపు వెతుక్కోవాలి. అలాంటిది ఒక్కటే ఉంటుంది.

ఇదంతా నేర్పిన ఆదివారం రాత్రి మా మేనకోడలికి వాట్సాప్‌లో "897. రేపు ట్యాంక్‌బండ్‌కి ఎన్నింటికి వెళ్దామో కనుక్కో అమ్మలూ" అని పెట్టాను. పావుగంటకి జవాబొచ్చింది: "ఏడింటికా మామా? పొద్దునా, సాయంత్రమా?"